రెండో చెవిలో కీచురాయి

రోజూ సాయంత్రం పని ముగించి, స్విచ్‌లన్నీ ఆపేశాక, కోడలు షెడ్డు మూలనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి "ఏం లేదు మామయ్యా" అనేది. మామగారు పోయి ఏడాది దాటింది. అయినా నాలుక తన పాటికి తాను ఆ మాట అనేసేది. భర్త ఒకసారి గుమ్మంలో నిలబడి విని, నాన్న ఉన్నప్పుడు ఇంత వినయం ఎక్కడ దాచిపెట్టావో అని నవ్వాడు. నవ్వాడే గాని, ఆ కుర్చీని దాటి వెళ్లేటప్పుడు తనూ కాస్త ఒదిగి నడిచాడు.

ఆ కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు. కూర్చోవద్దని ఎవరూ బోర్డు పెట్టలేదు. ఏసీ బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ ఒకడు కూర్చోబోయి, సగంలో ఆగి, పనంతా నిలబడే చేసుకుని వెళ్లాడు. కుర్చీకి ఒక కాలు వదులు కావడం వల్ల కూడా అయ్యుండొచ్చు.

ఆ షెడ్డులో జరిగే వ్యాపారమేమిటో బంధువులకు చెప్పి ఒప్పించడం అత్తగారి వల్ల ఎన్నడూ కాలేదు. "యంత్రాలు గొణుగుతాయి, మావాళ్లు వింటారు" అనేవారు. బంధువులు జాలిగా తల ఊపేవారు. నిజానికి అంతకన్నా బాగా చెప్పడం కష్టం. కరెంటుతో నడిచే ఏ వస్తువైనా తన పని తాను చేసుకుంటూనే, ఎవరూ అడక్కపోయినా, గాలిలోకి కొన్ని తరంగాలు వదులుతుంది. ఆ గొణుగుడు హద్దులో ఉన్నంతవరకు ఫరవాలేదు. హద్దు దాటితే పక్కనున్న యంత్రాల పని చెడుతుంది. అందుకని కొత్త యంత్రం తయారుచేసినవాళ్లు దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఈ ఇంటికొచ్చేవారు. ఇంటి వెనక ఖాళీ స్థలంలో, నేలమీద పరిచిన ఇనుప వల మీద, మెల్లగా తిరిగే చెక్కబల్ల ఒకటి ఉండేది. దానిమీద యంత్రాన్ని కూర్చోబెట్టి, ఎదురుగా స్తంభం మీద యాంటెన్నా నిలబెట్టి, షెడ్డులో తెర మీద గీత చూసి, హద్దులో ఉంటే ఉందని సంతకం పెట్టడం కోడలి పని. వచ్చినవాళ్లతో మాట్లాడటం భర్త పని. ఇద్దరి పనిలోనూ తప్పులు పట్టడం అత్తగారి పని. ముగ్గురిలో సెలవు తీసుకోనిది ఆవిడొక్కరే.

గొణుగుడు వినాలంటే చుట్టూ నిశ్శబ్దం కావాలి. ఆ స్థలం చుట్టూ నిశ్శబ్దం తప్ప అన్నీ ఉన్నాయి. రేడియో స్టేషన్లు, ఫోన్ టవర్లు, టాక్సీవాళ్ల వైర్‌లెస్, సందు చివర పంటి డాక్టరుగారి యంత్రం. ఇవన్నీ తెర మీద ముళ్లలా లేచి నిలబడేవి. ఏ ముల్లు వీధిది, ఏ ముల్లు బల్ల మీది యంత్రానిది అని తేల్చడంలోనే ఉంది కష్టమంతా.

మామగారు చెవితో తేల్చేవారు. ఓడల్లో వైర్‌లెస్ ఇంజనీరుగా పనిచేసి వచ్చిన మనిషి. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఆ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుని, ఒక్కో ముల్లునీ విని పేరు పెట్టేవారు. ఇది టాక్సీవాళ్లు, ఇది పంటి డాక్టరు, ఇది వార్తలు చదివే అమ్మాయి, పాపం జలుబు చేసినట్టుంది. కొత్తగా కాపురానికొచ్చిన కోడలికి, చదువుకుని వచ్చిన చదువు పక్కన పెట్టి, ముందు ఆ పేర్లు నేర్పించారు.

నేర్పింది ఒంటబట్టిందో లేదో చూడటానికి ఆయనకొక ఆట ఉండేది. సబ్బుపెట్టెలో పట్టేంత చిన్న యంత్రం ఒకటి సొంతంగా తయారుచేసుకున్నారు. దానికి కరెంటు అందిస్తే చాలు, రెండు పొట్టి కీచులూ ఒక పొడుగు కీచూ, మళ్లీ రెండు పొట్టి ఒక పొడుగు, అలా గాలిలోకి వదులుతూ ఉండేది. మామూలు చెవికి వినపడదు, యాంటెన్నాకి వినపడుతుంది. ఇంట్లో దాని పేరు కీచురాయి. ఎప్పుడో ఒక రోజు, ఎవరికీ చెప్పకుండా, దాన్ని స్థలంలో ఎక్కడో దాచిపెట్టి ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకునేవారు. సాయంత్రం పని అయ్యాక "ఏమైనా వినపడిందా అమ్మాయీ?" అని అడిగేవారు. వినపడితే వెళ్లి వెతికి తేవాలి. పూలకుండీలో దొరికింది ఒకసారి. గొడుగులో దొరికింది. అత్తగారి కళ్లజోడు పెట్టెలో కూడా దొరికింది, ఆ పూట ఆవిడ కళ్లజోడు మాత్రం పూలకుండీలో దొరికింది.

వినపడకపోతే ఆయన చెప్పేవారు కాదు. అదే ఆ ఆటకు నియమం. కోడలు ఓడిపోయానని చేతులెత్తేసినా, భర్త మధ్యవర్తిగా వచ్చినా, ఆయన ఒకటే మాట అనేవారు. "చెప్తే అది పరీక్ష కాదు, వార్త."

కోడలు మాత్రం చెవి మీద ఆధారపడి ఎన్నాళ్లని ఆలోచించింది. పని పెరుగుతోంది, వీధి గోల అంతకన్నా పెరుగుతోంది. ఆవిడే చదివి, వెతికి, నేర్చుకునే ఫిల్టర్ ఒకటి తెప్పించింది. దానికి రెండు చెవులు. మొదటి చెవి బల్లకి ఎదురుగా ఉండే పాత యాంటెన్నా. అది యంత్రాన్నీ వింటుంది, వీధినీ వింటుంది. రెండో చెవి దూరంగా, ప్రహరీగోడ మూల స్తంభం మీద పెట్టిన కొత్త యాంటెన్నా. దానికి వీధి మాత్రమే వినపడాలి. రెండో చెవిలో పడినదంతా వీధి గోలేనని ఫిల్టర్ నేర్చుకుంటుంది, నేర్చుకున్నదాన్ని మొదటి చెవిలోంచి తీసేస్తుంది. వీధి మారితే తనూ మారుతుంది, క్షణక్షణం మళ్లీ నేర్చుకుంటుంది. చివరికి మిగిలేది యంత్రం గొణుగుడొక్కటే. లారీలు పోతున్నా కదలని తల్లి, పక్కలో పిల్ల మూలిగితే లేచి కూర్చుంటుంది కదా, అలాంటిదే. కాకపోతే దీనికి వారంటీ ఉంది.

బిగించిన రోజున మామగారు తెర ముందు చాలాసేపు నిలబడ్డారు. టాక్సీవాళ్లు లేరు, పంటి డాక్టరు లేరు, వార్తలమ్మాయి లేదు. అద్దంలా తుడిచిపెట్టినట్టుంది. ఆయన మెచ్చుకోలేదు, తిట్టలేదు. ఒక్క ప్రశ్న వేశారు.

"రెండో చెవిలో పడిందల్లా వీధిదేనని నీకెవరు చెప్పారమ్మాయీ?"

"అంత దూరాన వీధి తప్ప ఇంకేముంటుంది మామయ్యా?" అంది కోడలు.

ఆయన పేపరు తీసుకుని ఇంట్లోకి వెళ్లిపోయారు.

తర్వాత కొద్దిరోజులకే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క ఉదయంలో పోయాయి. కొన్నాళ్లకి మాటల్లో ఒక్కటి మాత్రం దారి తెలుసుకుని తిరిగొచ్చింది. "వినపడిందా?"

రోజూ పనయ్యాక కోడలు ఆయన గదిలోకి వెళ్లేది. ఆయన ఆ ఒక్క మాటా అడిగేవారు. "ఏం లేదు మామయ్యా, అంతా బాగుంది" అని ఆవిడ దుప్పటి సర్దేది. పాపం పాత అలవాటు, బుర్రలో అదొక్కటే మిగిలిందని డాక్టరు కూడా అన్నాడు. ఆయన మళ్లీ అడిగేవారు. ఎడమ చెయ్యెత్తి కిటికీ వైపు చూపించేవారు. వెలుగు కళ్లల్లో పడుతోంది కాబోలని అత్తగారు లేచి కర్టెన్ వేసేవారు. ఆయనకు కోపం వచ్చేది. ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేవారు. మూగవాళ్ల కోపం చూడటం కష్టం. అందుకని ఇద్దరూ ఏదో ఒక పని కల్పించుకుని వంటింట్లోకి నడిచేవారు. అలా ఒక వానకాలమంతా గడిచింది, చలికాలం మొదట్లో ఆయన పోయారు. ఆయన వస్తువులు సర్దేటప్పుడు కీచురాయి కోసం వెతికారు. దొరకలేదు. ఎవరో చెత్తలో వేసి ఉంటారనుకుని ఒకరినొకరు లోలోపల అనుమానించుకుని ఊరుకున్నారు.

ఇదంతా వెనకటి సంగతి. అసలు గొడవ తొందరాయనతో మొదలైంది.

తొందరాయన అన్నది ఆ ఇంట్లో పెట్టుకున్న పేరు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే గాజుపెట్టెలు తయారుచేస్తాడు. మనిషి ఎప్పుడూ బండి ఇంజన్ ఆపకుండానే లోపలికి వచ్చేవాడు. ఆస్పత్రివాళ్లు ఎదురుచూస్తున్నారని, సాయంత్రానికి సంతకం పెట్టిన రిపోర్టు కావాలని చెప్పి, బల్ల మీద పెట్టెని దింపించాడు.

పెట్టె బల్ల మీద మెల్లగా తిరిగింది. తెర మీద గీత హద్దుకి ఎంతో కింద పాకింది. అంతా సవ్యంగా ఉంది. కోడలు కలం తీసుకుంది, మళ్లీ పక్కన పెట్టింది.

గీత అంటే సన్నని గరుకుదారం. ఏ యంత్రమూ లేకపోయినా ఆ గరుకు ఉంటుంది. గాలికి కూడా కాస్త దుమ్ముంటుంది కదా. ఆ గరుకులో ఒకచోట మాత్రం చిన్న గుంత ఉంది. చుట్టూ ఉన్న దుమ్ము అక్కడ లేదు. ఎప్పటినుంచో గోడకి తగిలించిన ఫోటో తీసేస్తే, దాని వెనక గోడ మిగతా గోడకన్నా తెల్లగా కనపడుతుందే, అలా ఉంది. ఆవిడ చూస్తూండగానే గుంత పూడుకుంది, మళ్లీ పడింది. పూడుకుంది, పడింది. ఊపిరి పీల్చి వదులుతున్నట్టు.

కోడలికి వీపు మీద ఎవరో చల్లని వేలు ఆనించినట్టయింది. మనం గదిలోకి అడుగు పెట్టగానే మాట ఆపేస్తారు చూడండి కొందరు, ఆ నిశ్శబ్దంలా అనిపించింది. ఆ మాట్లాడేది తన గురించేనని కూడా అనిపించింది.

పెట్టెని ఆపించింది. గుంత అలాగే ఉంది. బల్ల మీంచి దింపించింది. ఖాళీ బల్ల తిరుగుతోంది, గుంత ఊపిరి పీలుస్తోంది. ఫిల్టర్ ఆపేసింది. వీధి ముళ్లన్నీ ఒక్కసారి లేచి ఆ చోటంతా కప్పేశాయి, ఇక ఏమీ తెలియలేదు. మళ్లీ ఫిల్టర్ వేసింది. వీధి మాయమైంది, గుంత తిరిగొచ్చింది. కంప్యూటర్లో పాత పరీక్షల గీతలు తెరిచి చూసింది. నిన్నటిదాంట్లో ఉంది. పోయిన నెలదాంట్లో ఉంది. ఫిల్టర్ బిగించిన వారం దాకా వెనక్కి వెళ్లింది. ప్రతి గీతలోనూ, అదే చోట, అంతే చిన్నదిగా. ఇన్నాళ్లూ ఆవిడ ముళ్లకోసమే చూసింది గాని గుంతలకోసం చూడలేదు. ఇల్లు ఊడ్చినవాళ్లని ఇక్కడెందుకింత శుభ్రంగా ఉందని ఎవరడుగుతారు?

భర్తని పిలిచి చూపించింది.

"తక్కువ ఉంటే మంచిదే కదా? ఎక్కువైతేనేగా మనం ఫెయిల్ చేసేది" అన్నాడతను.

"అక్కడ ఫిల్టర్ ఏదో మింగుతోంది. మింగేటప్పుడు పక్కన ఉన్నదాన్ని కూడా కలిపి మింగుతుంది. ఈ పెట్టె సరిగ్గా అక్కడే గొణుగుతుంటే మనకి తెలీదు."

"గొణక్కపోతే?"

"గొణక్కపోతే సంతకం పెడతాను. తెలిశాక."

తొందరాయన కూడా వచ్చి తొంగిచూశాడు. ముళ్లుంటే చెప్పండి మేడమ్, గుంతలకి కూడా మార్కులు తీస్తారా అన్నాడు. కోడలు ఆయనకి నెమ్మదిగా చెప్పింది. ఆస్పత్రి వార్డులో పసిపిల్లల ఊపిరి ఆగితే నర్సుకి కబురు చేసే వైర్‌లెస్ అలారాలు ఆ గుంత ఉన్నచోటనే పనిచేస్తాయి. తన పెట్టె అక్కడ గట్టిగా గొణిగితే, అందులో ఉన్న పాప వెచ్చగానే ఉంటుంది. పక్క ఉయ్యాలలో పాప అలారమే నర్సుకి చేరకపోవచ్చు. అతను బయటికి వెళ్లి బండి ఇంజన్ ఆపి వచ్చాడు. ఆ ఇంట్లో అతను ఇంజన్ ఆపడం అదే మొదటిసారి.

మింగేది ఏమిటో తెలియాలి. కోడలు తెర ముందు కూర్చుని ఆలోచించింది. ఫిల్టర్ దేన్నైనా తీసేసిందంటే, అది రెండో చెవిలో ఉన్నట్టు. ఆ రెండో చెవి ఏం వింటోందో బిగించిన నాటినుంచీ ఎవరూ వినలేదు. విననక్కరలేదనుకున్నారు. తీసెయ్యడానికి పెట్టిన చెవి అది. మొదటి చెవికి తెర ఉంది, హెడ్‌ఫోన్స్ ఉన్నాయి, రిపోర్టులో చోటుంది. రెండో చెవి విన్నదంతా నేరుగా చెత్తబుట్టలోకే.

మామగారి హెడ్‌ఫోన్స్ ఆయన వదిలినచోటే, కుర్చీ పక్క మేకుకి వేలాడుతున్నాయి. చెవుల మెత్తలు చీలికలు పట్టాయి. ఆవిడ వాటిని తీసుకుని, రెండో చెవి తీగకి తగిలించి, తలకి పెట్టుకుంది. గుంత ఉన్నచోటికి రిసీవర్ మీట తిప్పింది.

రెండు పొట్టి కీచులు. ఒక పొడుగు కీచు.

ఆవిడ కదల్లేదు.

మళ్లీ రెండు పొట్టి, ఒక పొడుగు. స్పష్టంగా, ఓపికగా, విసుగు లేకుండా. పక్క గదిలోంచి పిలుస్తున్న మనిషికి జవాబు రాకపోతే, వినపడలేదేమోనని మళ్లీ అదే గొంతుతో పిలిచినట్టు.

భర్త భుజం మీద చెయ్యేసేదాకా ఆవిడకి తాను ఏడుస్తున్నానని తెలియలేదు. హెడ్‌ఫోన్స్ తీసి అతనికిచ్చింది. అతను ఒక చెవికి ఆనించుకుని, ముఖం పాలిపోయి, అప్రయత్నంగా కుర్చీ వైపు చూశాడు. కుర్చీలో ఎవరూ లేరు. లేరని ఇద్దరూ ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు.

"ఎక్కడుంది?" అన్నాడతను.

గుమ్మంలో ఎప్పుడొచ్చారో అత్తగారు నిలబడి ఉన్నారు. టీ చల్లారిపోతోందని తిట్టడానికి వచ్చి, కొడుకు ముఖం చూసి ఆగిపోయారు. సంగతి విన్నాక, చేతిలో గ్లాసులు మెల్లగా బల్ల మీద పెట్టారు.

ఆవిడకి ఆ ప్రహరీ స్తంభమంటే కోపమని ఇంట్లో అందరికీ తెలుసు. పక్షవాతం వచ్చే ముందు వారం ఆయన ఆ వయసులో స్టూలెక్కి స్తంభం మీద ఏదో చేస్తుంటే ఆవిడ పట్టుకున్నారు. కందిరీగలు గూడు పెట్టాయని ఆయన చెప్పారట. ఆ స్టూలే ఆయన ప్రాణం మీదికి తెచ్చిందని ఆవిడ వచ్చినవాళ్లకల్లా చెప్పేవారు. వినీ వినీ కోడలికి ఆ కథ వీధి గోలలో భాగమైపోయింది. తీసేసి వినడం అలవాటైపోయింది.

ముగ్గురూ స్తంభం దగ్గరికి నడిచారు. తొందరాయన, ఎవరూ పిలవకపోయినా, స్టూలు మోసుకుంటూ వెనకే వచ్చాడు. కోడలు స్టూలెక్కి, యాంటెన్నా అడుగున వాననీరు పడకుండా బిగించిన డబ్బా మూత విప్పింది. కందిరీగలు లేవు. తీగల వెనక, గుడ్డముక్కలో చుట్టి, సబ్బుపెట్టె. దానికి బ్యాటరీ లేదు. యాంటెన్నాకి కరెంటు తెచ్చే తీగకే, చక్కగా, ఓడలమీద పనిచేసినవాళ్లు కట్టే ముడితో, కలిపేశారాయన. రెండో చెవి పనిచేస్తున్నంతసేపూ కీచురాయి కూస్తుంది. ఫిల్టర్ ఆపితే చెవితో పాటు అదీ ఆగుతుంది. ఫిల్టర్ వేస్తే కూస్తుంది, ఫిల్టర్ దాన్ని తుడిచేస్తుంది. ఎటునుంచి చూసినా కనపడదు. రెండో చెవిని ఎవరైనా విన్నరోజున తప్ప.

ఆయన ఫిల్టర్ వద్దనలేదు. ప్రశ్న వేశారు. కోడలు తేలిగ్గా జవాబిచ్చింది. మాటతో చెప్తే అది వార్త అవుతుందని, పరీక్ష పెట్టారు. రెండు రోజుల్లో పట్టుకుంటుందనుకుని ఉంటారు. ఈలోగా ఆయనకి చెప్పే నోరు పోయింది.

స్టూలు మీద నిలబడి కోడలు ఇంటి వైపు తిరిగింది. ఎదురుగా ఆయన గది కిటికీ. కర్టెన్ వేసి ఉంది.

అత్తగారు కూడా అటే చూస్తున్నారు. ముందు ఆవిడే అన్నారు.

"కర్టెన్ నేనే వేసేదాన్ని."

"నేను ఏం లేదని చెప్పేదాన్ని అత్తయ్యా."

"అంత కోపం మనిషి. అన్ని రోజులు అడిగాడు. బుర్ర లేనిది మనకి, తనకి లేదనుకున్నాం."

షెడ్డులోకి తిరిగొచ్చాక అత్తగారు నేరుగా వెళ్లి మూలనున్న కుర్చీలో కూర్చున్నారు. కుర్చీ ఒక పక్కకి ఒరిగింది, ఆవిడ లెక్కచేయలేదు. హెడ్‌ఫోన్స్ ఇమ్మని చెయ్యి చాపారు. ఇన్నేళ్లలో ఆవిడ ఆ యంత్రాల్లో దేన్నీ ముట్టుకోలేదు. పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నారు. కోడలు తొందరపెట్టలేదు. తొందరాయన కూడా పెట్టలేదు.

"ఇంతేనా?" అన్నారు చివరికి. "ఇంకేం చెప్పడా?"

"ఇంతే అత్తయ్యా."

"ఉన్నప్పుడూ ఇంతే" అని హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని, పైటతో ముఖం తుడుచుకున్నారు.

ఆ ముడి విప్పడానికి కోడలికి చేతులు రాలేదు. విప్పితే ఆగిపోతుంది. ఆయన మనిషిగా ఆగిపోయాక కూడా ఆగకుండా అడుగుతున్నది ఇదొక్కటే. ఇంకొక్క రోజు ఉండనిస్తే ఏం పోతుందనిపించింది. బల్ల పక్కన గాజుపెట్టె ఉంది. లోపల బొమ్మంత పరుపు, దాని మీద ముడత లేని తెల్లగుడ్డ. దానికేసి చూసి, స్తంభం దగ్గరికి వెళ్లి మళ్లీ స్టూలెక్కింది.

"వినపడింది మామయ్యా" అని, మిగతావాళ్లకి వినపడనంత చిన్నగా చెప్పి, ముడి విప్పింది.

గుంత పూడుకుపోయింది. గీత ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకే గరుకుగా పాకింది. గాజుపెట్టెని మళ్లీ బల్ల మీద కూర్చోబెట్టి తిప్పారు. సరిగ్గా గుంత ఉన్నచోట, హద్దు గీతని దాటి, ఒక ముల్లు లేచి నిలబడింది. పెట్టె ఒక పక్కకి తిరిగినప్పుడల్లా ఇంకా పొడుగయ్యేది.

సంతకం లేదని కోడలు చెప్పింది. తొందరాయన వాదించలేదు. ఆ ముల్లు కేసి చూస్తూ, వేడిని తగ్గించి పెంచే చిన్న బోర్డు అక్కడే ఉంటుందని, దానికి కప్పు వేయిస్తానని అన్నాడు. వెళ్లేముందు కుర్చీ వైపు తిరిగి, అందులో అత్తగారున్నారో ఆయనున్నారో తేల్చుకోనట్టు, ఇద్దరికీ సరిపడేలా ఒక నమస్కారం పెట్టాడు.

భర్త మిగిలాడు. ఫిల్టర్ వచ్చిన దగ్గర్నుంచీ ఆ బల్ల ఎక్కి దిగిన యంత్రాల సంగతేమిటని అతను అడగలేదు, అడగక్కర్లేకుండా ఇద్దరికీ తెలుసు.

"అందర్నీ మళ్లీ రమ్మనాలా?" అన్నాడు.

"ఆ."

"తప్పు మనదేనని చెప్పాలా?"

"నాదని చెప్పు."

"మా నాన్నది కూడా కలుపుతాను. ఆయనకి గిట్టదులే, పేరు రాకపోతే." అని ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. ఆ వారమంతా అతనికి ఊపిరాడలేదు. కొందరు తిట్టారు, కొందరు యంత్రాలు తెచ్చారు, ఇద్దరు ఇంకెప్పుడూ మీ గుమ్మం తొక్కేది లేదన్నారు. తెచ్చినవాటిలో చాలావరకు మంచివే. ఒకటి రెండు కాదు. ఆ ఒకటి రెండింటినీ వెనక్కి పంపుతున్నప్పుడల్లా కోడలు పాత రిపోర్టు మీద తన సంతకం కొట్టేసేది. ఇప్పుడు రోజూ ఉదయాన్నే, ఏ యంత్రాన్నీ బల్ల ఎక్కించకముందు, పాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రెండో చెవి ఏం వింటోందో కాసేపు వింటుంది. టాక్సీవాళ్లు, పంటి డాక్టరు, వార్తలమ్మాయి. అమ్మాయి మారింది, గొంతు కొత్తది.

సాయంత్రాలు మాత్రం బరువుగా ఉండేవి. "ఏం లేదు మామయ్యా" అనడానికి నాలుక రాదు. అనకుండా స్విచ్‌లు ఆపితే పని పూర్తయినట్టు ఉండదు. కీచురాయిని తుడిచి, ఆయన గది కిటికీ గట్టు మీద పెట్టింది. కరెంటు లేని కీచురాయి ఉత్త సబ్బుపెట్టె. దాన్ని దాటి వెళ్లినప్పుడల్లా, తను గదిలోకి రాగానే మాట ఆగినట్టే ఉండేది.

ఒక ఉదయం గట్టు మీద అది లేదు. భర్తని అడిగితే తనకు తెలీదన్నాడు. తెలీదని ఒట్టేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"నిన్న అమ్మ టార్చికి బ్యాటరీలు తెమ్మంది. తెచ్చిచ్చాను."

"మనింట్లో టార్చి ఎక్కడుంది?"

అతను కాసేపు ఆలోచించాడు. "లేదు" అన్నాడు.

కోడలు వెనక స్థలంలోకి వచ్చింది. పూలకుండీలు, స్తంభం, గోడ, ఖాళీ బల్ల. ఎవరో ఎక్కడో నవ్వాపుకుంటున్నట్టు అంతా నిశ్చలంగా ఉంది. మామగారి గది కిటికీకి కర్టెన్ పూర్తిగా తీసేసి ఉంది. లోపల ఆయన మంచం మీద అత్తగారు కూర్చుని, ఊడిన గుండీ ఏదో కుట్టుకుంటున్నారు. సూది మీంచి చూపు ఎత్తలేదు.

"ఏమైనా వినపడిందా అమ్మాయీ?" అన్నారు.